పద్నాలుగో సీను ఉంగరం

సినిమా కథ ఇదీ. హీరోయిన్ నగల దొంగ. ఆమెను పట్టుకోవలసిన ఇన్‌స్పెక్టరు హీరో. నగల షాపులో సేల్స్‌మన్ వేషంలో కాపు కాస్తున్న హీరో, ఎదురుగా ఉన్నది దొంగేనని తెలియక, తన చేత్తోనే ఆమె వేలికి ఉంగరం తొడుగుతాడు. ఆమె ఉంగరంతోపాటు అతని మనసునూ పట్టుకుపోతుంది. చివరికి వంతెన మీద నిలబడి ఆ ఉంగరాన్ని ఏట్లోకి విసిరేసి, దొంగతనాలకు స్వస్తి చెబుతుంది. ఊళ్ళోవాళ్ళ సొమ్ము ఏట్లో వేయడానికి ఈమెవరని యూనిట్లో ఒక్కరూ అడగలేదు. అలాంటివి అడుగుతూ కూర్చుంటే సినిమాలు పూర్తికావు.

మొదటి రోజే అన్నీ తిరగబడ్డాయి. పగలాల్సిన గాజు తలుపు పగల్లేదు. దానికి గుద్దుకున్న హీరో ముక్కు మాత్రం బూరెలా వాచింది. దొంగల్ని పసిగట్టాల్సిన పోలీసు కుక్క హీరోని చూడగానే కౌంటరు కింద దూరి, బిస్కెట్లు చూపించినా బయటికి రాలేదు. నాలుగు రోజులకు హీరో ముక్కు వాపు తగ్గింది కానీ, మేకప్‌వాళ్ళు ఇంకో వారం పాటు రబ్బరు వాపు అతికిస్తూనే ఉన్నారు. కథలో ఇంకా అదే రోజు నడుస్తోంది మరి! కంటిన్యుటీ మేడమ్ ఒప్పుకుంటేగా.

ఆమె పని అదే. ఈ షాట్‌లో సగం తాగిన కాఫీ కప్పు వచ్చే షాట్‌లో నిండుగా కనిపించకూడదు. పంతొమ్మిదేళ్ళలో ఆమె కళ్ళు కప్పిన కప్పు ఒక్కటీ లేదు. అందుకే యూనిట్ ఆమెకు భూతద్దం అని పేరు పెట్టింది. ఎదురుగా అనే ధైర్యం మాత్రం దర్శకుడికి కూడా లేదు.

సెట్లో కనిపించే ప్రతి వస్తువునూ తెచ్చిపెట్టేవాడు పెట్టె బాబాయ్. ఎప్పుడూ ఓ ఇనప్పెట్టె వెంట ఉండడం వల్ల వచ్చిన పేరు. వయసు నలభై ఆరు, పెళ్ళి కాలేదు. ఊరందరికీ కావలసినవి అమర్చిపెట్టే మనిషికి తన సంగతి గుర్తుకు వచ్చేసరికి ఇంతాలస్యమైంది. గుర్తుకొచ్చింది కూడా భూతద్దాన్ని చూశాకే. ఆరు సినిమాలు కలిసి పనిచేశారు. ఆరు సినిమాల్లోనూ అతను ఆమెతో మాట్లాడింది కప్పుల గురించీ గడియారాల గురించీ మాత్రమే.

"అడిగితే నీ సొమ్మేం పోతుందిరా?" అని వాళ్ళక్క ఫోన్లో ఒకటే పోరు పెడితే, చివరికి ఓ ఉంగరం కొని చొక్కా జేబులో వేసుకుని, మొదటి రోజు షూటింగ్ ముగిసి పేకప్ అయ్యాక అడుగుదామని వచ్చాడు.

ఆ రోజే డమ్మీ ఉంగరాలున్న ఇనప్పెట్టె పొరపాటున ఇంకో వ్యానెక్కి ఇంకో లొకేషన్‌కి వెళ్ళిపోయింది.

"ఉంగరం ఏదయ్యా?" అని దర్శకుడు అరిచాడు. కుక్క కౌంటరు కింద, హీరో ముక్కు మంచుముక్క కింద ఉన్న సమయమది. ఇంకో మాటంటే ఆ పూటకి తన ఉద్యోగం ఉండదనిపించి, బాబాయ్ జేబులోంచి తన ఉంగరం తీసి ఇచ్చేశాడు. ఒక్క షాటే కదా, తర్వాత తీసుకోవచ్చులే అనుకున్నాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసున్న మనిషి అనుకోవాల్సిన మాటేనా అది? కెమెరా ఒక్కసారి చూసిన వస్తువు ఇక కథ సొత్తు. షూటింగ్ అయ్యేదాకా యజమానికి కూడా తిరిగిరాదు.

ఉంగరం హీరోయిన్‌కి వదులైంది. మేడమ్ స్వయంగా లోపలివైపు దారం చుట్టి సరిచేసింది. నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసింది. తర్వాత ఓ కవర్లో వేసి, పైన 'సీను 14, ఉంగరం' అని రాసి, తన బ్యాగులో పెట్టుకుంది.

అలా తనకోసం కొన్న ఉంగరాన్ని తనకే తెలియకుండా నలభై రోజులు మోసింది. షాట్ ఉన్నప్పుడల్లా తీసి గుడ్డతో తుడిచి హీరోయిన్‌కి ఇచ్చేది, అవగానే లెక్కగా వెనక్కి తీసుకునేది. బాబాయ్ పరిస్థితి తేలు కుట్టిన దొంగలా ఉంది. ఇమ్మని అడిగితే ఎందుకంటుంది. ఎందుకో చెప్పాలంటే చేతిలో ఉంగరం ఉండాలి. అక్క మాత్రం రోజూ ఫోన్ చేసి, "అడిగావా?" అంటూనే ఉంది.

నలభై ఒకటో రోజున వంతెన సీను వచ్చింది. కిందనున్న ఏరు లోతైనది, వడి ఎక్కువ. మూడు గంటలకు షాట్. ఉంగరం అందులో పడిందంటే ఇక అంతే.

మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరుండగా, కుర్చీకి తగిలించిన బ్యాగులోంచి బాబాయ్ కవరు తీశాడు. తన ఉంగరం జేబులో వేసుకుని, తిరిగొచ్చిన ఇనప్పెట్టెలోంచి అచ్చం అలాంటి డమ్మీ తీసి, దారం చుట్టి కవర్లో పెట్టాడు. జన్మలో చేసిన మొదటి దొంగతనం. చుట్టూ ఎన్ని దొంగచూపులు చూశాడంటే, నగల దొంగగా వేస్తున్న హీరోయిన్ అతని దగ్గర పాఠం నేర్చుకోవచ్చు.

రెండూ ముప్పావుకి మేడమ్ కవరు విప్పింది. చూసింది. మొదటి రోజు ఫోటో బయటికి తీసి పోల్చి చూసింది. నేరుగా సెట్ సామాన్ల వ్యాన్ వెనకున్న బాబాయ్ ముందుకొచ్చి నిలబడింది.

"దీనికి రాయి పట్టుకునే పళ్ళు నాలుగు. అసలు దానికి ఆరు. ఎందుకు మార్చారు?"

నవ్వి తప్పించుకుందామని చూశాడు. ఆమె నవ్వలేదు.

"అది సినిమాది కాదు మేడమ్. నాది."

"మీదేంటి?"

"అంటే... మీది. మీకోసమే కొన్నాను. ఆ రోజు పెట్టె రాకపోయేసరికి..."

అటు మైకులో దర్శకుడు ఎండ పోతోందని మొత్తుకుంటున్నాడు. ఆమె చేతిలోని కవరు వంక చూసుకుంది.

"నలభై రోజుల్నుంచీ నా బ్యాగులో ఉన్నది అదేనా?"

"అదే."

"మరి నా వేలి కొలత మీకెలా తెలుసు?"

"పోయిన సినిమాలో క్లోజప్‌కి హీరోయిన్ చేతికి బదులు మీ చేయి పెట్టారు కదండీ. అప్పటి ఉంగరం నా పెట్టెలోనే ఉంది."

ఆమె కవరు పట్టుకుని వంతెన వైపు వెళ్ళిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాడు బాబాయ్. ఇప్పుడు అందరిముందూ చెబుతుంది, అసలు ఉంగరం రప్పిస్తుంది, అది ఏట్లో పడుతుంది, సాయంత్రం అక్క ఫోన్ చేస్తుంది.

హీరోయిన్ అరచేతిలో ఉంగరం పెట్టారు. కెమెరాని ఆమెకు దగ్గరగా జరిపారు. "కంటిన్యుటీ?" అని అడిగాడు దర్శకుడు.

ఆమె అరచేతిలోకి చూసింది. అది మామూలుగా చూసే దానికన్నా ఎక్కువసేపే.

"ఓకే సర్," అంది.

నాలుగు పళ్ళ ఉంగరం ఎండలో ఒక్కసారి మెరిసి ఏట్లో పడిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ తన షీటులో 'ఉంగరం: అదే' అని రాసింది. పంతొమ్మిదేళ్ళలో ఆమె రాసిన మొదటి అబద్ధం అది. బాబాయ్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

పేకప్ అయ్యాక మేడమ్ వచ్చి చేయి చాచింది. అతను ఉంగరం ఇచ్చాడు. లోపలి దారాన్ని ఒక్కో చుట్టూ విప్పి పారేసి, మళ్ళీ అతనికే తిరిగిచ్చింది.

"షాపు సీన్లో హీరో ఏ చేతికి, ఏ వేలికి తొడిగాడో గుర్తుందా? తప్పు చేస్తే రీటేక్ చెబుతాను."

గుర్తుంది. తప్పు చేయలేదు.

సినిమా ఓ మోస్తరుగా ఆడింది. షాపులో ఆరు పళ్ళున్న ఉంగరానికి వంతెన మీద నాలుగే ఎందుకున్నాయని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఇప్పటికీ టీవీలో వచ్చినప్పుడు భార్యాభర్తలిద్దరూ కూర్చుని చూస్తారు. వంతెన సీను రాగానే ఆమె ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఉంగరం ఏట్లో పడిందని అతను కేకేసి చెబితేగానీ బయటికి రాదు.