పీటల మీద కూర్చున్న కత్తి

నేను ఒక కత్తిని. మ్యూజియంలో మెట్ల పక్కనున్న గాజుపెట్టెలో ఉంటాను. ‘మధ్యయుగపు ఖడ్గం, పిడి తరువాతి కాలానిది’ అని నా కింద ఒక చీటీ ఉంది. చూడవచ్చిన పిల్లలు నేనెన్ని తలలు నరికి ఉంటానో అని వాదించుకుంటారు. ఆ పని కూడా కొన్నాళ్ళు చేశాను. కానీ నా బతుకులో చెప్పుకోదగ్గది అది కాదు. నేను పీటల మీద కూర్చుని ఒక అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాను.

నన్ను చేసింది అడవి అంచున, ఉక్కు కరిగించే పల్లెలో ఒక కమ్మరి. సాగగొట్టి, ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచాడు. అలా ముంచితేనే ఉక్కు గట్టిపడుతుంది, అంచు నిలుస్తుంది. ఆ తరువాత దంతపు పిడి, వెండి కట్లు పెట్టించి నన్ను మేడికొండ కోటను ఏలే గంగభూపతికి కానుకగా ఇచ్చారు. ఆయన మంచి రాజు అని అందరూ అనేవారు. నా వరకు నన్ను తుడిచి ఒరలో పెట్టేవాడు, అంతే చెప్పగలను.

గంగభూపతికి పెద్దరాణి సూరసాని ఉంది, చంటిపిల్లవాడు ఉన్నాడు. సింహాసనం మీద కన్నేసిన తమ్ముడు కేతభూపతి కూడా ఉన్నాడు. అందుకే సూరసాని తానే పూనుకుని భర్తకు రెండో పెళ్ళి కుదిర్చింది. కృష్ణ అవతల ఏటిగడ్డ కోట దొరకు గుర్రపు దళం ఉంది, ఈడొచ్చిన కూతురు ఉంది. ఆ అమ్మాయి మన ఇంటికి వస్తే ఆ గుర్రాలు మన బిడ్డకు కాపలా అవుతాయని ఆమె ఆలోచన. రాచ ఇళ్ళలో పిల్లను చూసే ముందు పిల్ల తండ్రి లాయాన్ని చూస్తారు.

ముహూర్తం దగ్గర పడగా గంగభూపతి విషజ్వరంతో పోయాడు.

ఆ సంగతి సూరసానికి, వైద్యుడికి, నన్ను మోసే దళనాయకుడు బయ్యనకు మాత్రమే తెలుసు. ఆమె ఏడవడానికి కూడా తీరిక తీసుకోలేదు. కోట వెనక లోయలో గుట్టుగా దహనం చేయించి, రాజుగారు సరిహద్దులో ఉన్నారని చెప్పించింది. వరుడు రాలేకపోతే ఆయన కత్తిని పంపడం అప్పట్లో ఉన్నదే. నాకు పట్టుబట్ట చుట్టి బయ్యన చేతికిచ్చి పంపింది.

ఏటిగడ్డ కోటలో నన్ను పీట మీద నిలబెట్టి బాసికం కట్టారు. తెర తీశారు. ఎదురుగా పెళ్ళికూతురు వెన్నమాంబ. కళ్ళు ఎత్తి నన్ను పైనుంచి కిందికి చూసి, పక్కనున్న చెలికత్తెతో మెల్లగా అంది:

“పొడుగ్గానే ఉన్నాడు.”

తాళిని నా ఒరకు తాకించి ఒక ముత్తయిదువ ఆమె మెడలో కట్టింది. ఆ తంతు జరుగుతున్నంతసేపూ బయ్యన తల ఎత్తకుండా నన్ను పట్టుకుని నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో కృష్ణ ఒడ్డున పడవల కోసం ఆగాము. మిట్టమధ్యాహ్నం. వెన్నమాంబ పల్లకి దిగి తుమ్మచెట్టు నీడలో నిలబడింది. బయ్యన నన్ను రెండు చేతుల్లో పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాడు. చెప్పకూడదని ఒట్టు వేయించుకున్న మాటంతా చెప్పేశాడు. రాజు లేడనీ, అవతలి ఒడ్డుకు చేరితే ఏం జరుగుతుందో తనకు తెలియదనీ, వెనక్కి వెళ్తానంటే తానే దిగబెడతాననీ చెప్పాడు.

ఆమె ఏటి వైపు తిరిగింది. వెనక్కి వెళ్తే తండ్రి కత్తి దూస్తాడు, రెండు కోటల వాళ్ళూ చస్తారు, ఆపైన ఆమెను ఎవరూ చేసుకోరు. ఇవన్నీ ఆమే పైకి అనుకుంది. చివరికి అడిగింది:

“నాకెందుకు చెప్పావు?”

“పీట మీద మీ పక్కన నిలబడ్డాను దొరసానీ. చెప్పకుండా ఉండలేకపోయాను.”

“సరే. పడవ వచ్చింది, ఎక్కుదాం.”

మేం మేడికొండ చేరేసరికి గుట్టు రట్టయింది. వైద్యుడు భయపడి కేతభూపతి దగ్గర నోరు విప్పాడు. కేతభూపతి అప్పటికే సభ కూర్చాడు. అన్నగారి చితి ఆరిపోయినా ఆయన తలపాగా ఒడిలో పెట్టుకుని భార్య అగ్నిలోకి వెళ్ళడం తమ వంశాచారమని చెప్పాడు. పెద్దరాణికి చంటిబిడ్డ ఉంది కాబట్టి ఆమెకు మినహాయింపు. కొత్త కోడలికి ఏ బాధ్యతా లేదు. ఇదంతా ఆయన ఎంతో బాధపడుతూ చెప్పాడు. ఆడపిల్ల కాలిపోతే ఏటిగడ్డ గుర్రాలతో చుట్టరికం కూడా కాలిపోతుందన్న ముక్క మాత్రం అనలేదు.

ఇంకా పసుపు ఆరని బట్టలతో వెన్నమాంబ సభ మధ్యకు వచ్చింది. బయ్యన చేతిలోంచి నన్ను తీసుకుంది. బరువుకి మణికట్టు కాస్త వంగింది.

“మరిదిగారూ, ఆ తలపాగా ఎవరిదో నాకు తెలియదు. నా పక్కన పీట మీద కూర్చున్నది ఈయన. నన్ను కట్టుకున్నది ఈయన. ముందు ఈయన్ని చితి మీద పెట్టండి. కాలి బూడిదైతే నేనూ వస్తాను. కాలకపోతే నాకు మొగుడున్నట్టే.”

పురోహితుడు ఎటూ చెప్పలేక, పెళ్ళికి సాక్షి అగ్నే కాబట్టి అగ్నినే అడగడం తప్పు కాదన్నాడు. అప్పుడు సూరసాని లేచింది.

“ఈ ఇంటికి పెద్దదాన్ని నేను. ఒప్పుకుంటున్నాను,” అంది. వెన్నమాంబ వైపు మాత్రం చూడలేకపోయింది.

దంతం, వెండి, సన్నటి ఉక్కు కాబట్టి మంటలో నిలవదనుకుని కేతభూపతి సరేనన్నాడు. పైగా అమ్మాయిని దిగబెట్టడానికి వచ్చిన ఏటిగడ్డ రౌతులు కోట గుమ్మంలోనే ఉన్నారు.

నన్ను కట్టెల మీద పడుకోబెట్టి నెయ్యి పోశారు. కథల్లో ఎప్పుడూ ఆడవాళ్ళే నిప్పులోకి దిగుతారు. ఆ రోజు నా వంతు వచ్చింది. పిడి కాలిపోయింది. వెండి కారిపోయింది. కమ్మరి నీళ్ళలో ముంచి నాకిచ్చిన గట్టిదనమంతా ఆ మంటలో మెత్తబడింది. అయినా బూడిద కదిపినప్పుడు నల్లగా, నిండు పొడుగుతో ఉన్నాను. వెన్నమాంబ తడిగుడ్డతో నన్ను పైకి తీసింది. సుయ్యిమంది. ఆమె కొంగుతో తుడిచి నన్ను సింహాసనం మీద పెట్టింది. బయ్యన అందరికంటే ముందు వంగి దండం పెట్టాడు. వెనకే దళనాయకులందరూ పెట్టారు. కేతభూపతి ఆ నెలలోనే తీర్థయాత్రకు బయలుదేరాడు.

ఆ తరువాత ఇద్దరు రాణులూ కలిసి పిల్లవాడి పేరు మీద రాజ్యం నడిపారు. మొదట్లో వాళ్ళ మధ్య పనికొచ్చే మాటలే ఉండేవి. ఒకరోజు సూరసాని ఉన్నట్టుండి, “నా బిడ్డ కోసం నిన్ను బలి పెట్టబోయాను,” అంది. వెన్నమాంబ, తెలుసనీ, తానైనా అదే చేసేదేమోననీ అంది. ఆ రోజు నుంచి ఆమెను అక్కా అని పిలిచింది.

నా అంచు చచ్చిపోయిన సంగతి వెన్నమాంబకు ఒకసారి పచ్చి వెదురు మీద నన్ను వేసినప్పుడు తెలిసింది. వంకరపోయిన నన్ను మోకాలితో సరిచేసి మళ్ళీ ఒరలో పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య ఆ మాత్రం గుట్టు ఉంటుంది.

బయ్యన సరిహద్దు ఠాణాకు వెళ్ళిపోయాడు. వానలు వెనకబట్టాక ఏటా వచ్చి అక్కడి సంగతులు చెప్పేవాడు. ఆమె వినేది. నేను వాళ్ళ మధ్య చాప మీద ఉండేవాణ్ణి. ఆమెను బతికించిన మాటే ఆమెను కట్టేసింది కూడా. మొగుడు బతికున్న ఆడది ఇంకొకరి వైపు ఎలా చూస్తుంది?

ఒక ఏడు అతను వెళ్ళడానికి లేచి ఆగాడు.

“మా అమ్మ సంబంధం చూసింది దొరసానీ. మీరు చేసుకోమంటే చేసుకుంటాను.”

ఆమె నా ఒర మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

“చేసుకోమని చెప్పను,” అంది చివరికి. “నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఈ కోటలో ఎవరూ లేరు.”

అతను పిలవలేదు. కానీ పెళ్ళీ చేసుకోలేదు.

పిల్లవాడు పెద్దవాడై పట్టం కట్టుకునే రోజు వచ్చింది. నాకు కొత్త పిడి వేశారు. సభకు పంపే ముందు వెన్నమాంబ తలుపు వేసి, తాళి తీసి ఆ పిడికి చుట్టింది. సూరసాని పక్కనే ఉంది.

“కట్టినాయనకే ఇచ్చేస్తున్నా అక్కా. అభ్యంతరం ఉంటే చెప్పమను.”

ఇద్దరూ కాసేపు నా వైపు చూశారు. నేనేమీ అనలేదు. నేను మంచి భర్తనో కాదో తెలియదుగాని, అడ్డం మాత్రం పడలేదు. సూరసాని తాళిని విప్పి తన పెట్టెలో దాచింది. చిన్నరాణిగారు కాశీకి వెళ్ళారని కోటలో చాటింపు వేయించింది. గుర్రం మాత్రం సరిహద్దు వైపు వెళ్ళింది.

నన్ను ఆయుధశాలలో పెట్టారు. రెండు వేసవులు గడిచాక ఒక మధ్యాహ్నం సూరసాని ఒక్కతే లోపలికి వచ్చింది. జుట్టు నెరిసింది. చేతిలో మామిడిపండు ఉంది. సరిహద్దు నుంచి ఎవరో బుట్టెడు తెచ్చారట.

“నీకు చెప్పాల్సిన పని లేదనుకో,” అంది నాతో. “వెన్నమ్మకి కూతురు పుట్టిందట. నా పేరు పెట్టుకున్నారట.”

నా పక్కనున్న అరుగు మీద కూర్చుని పండు తిన్నది. రాణినన్న మాట మరిచి టెంక కూడా చీకింది. చేయి కొంగుకు తుడుచుకుని, “తియ్యగానే ఉంది,” అంటూ లేచి, తలుపు తీసే ఉంచి వెళ్ళిపోయింది.