ఇనుము నీళ్లు

తెల్ల చొక్కా మళ్లీ పసుపు తిరిగింది. ఆదివారం ప్రార్థనకి గుడికి ఇదేసుకుని ఎలా వెళ్లాలని ఇమ్మానియేలు దాన్ని నా ముఖానికెదురుగా పట్టుకుని నిలబడ్డాడు. ల్యాబులో సీసాలు కడగడం మీదున్న శ్రద్ధ మొగుడి బట్టల మీద లేదని అత్తయ్య అందుకున్నారు. మా వీధి బోరు నీళ్లలో ఇనుముంది, ఎంత ఉతికినా ఆ మరక వదలదు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను.

గుంటూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను, మానని పుండ్లలో చేరే ఒక బ్యాక్టీరియా మీద. ఇనుము లేనిదే అది బతకదు. మన ఒళ్లేమో ఇనుమును దానికి అందకుండా దాచేస్తుంది. అందుకని అది ఒక వింత ఆకుపచ్చ పదార్థాన్ని తయారుచేసి బయటికి వదులుతుంది. ఆ పదార్థం వెళ్లి ఇనుమును పట్టుకొస్తుంది. చుట్టూ ఇనుము పుష్కలంగా ఉంటే మాత్రం ఆ పనే పెట్టుకోదు. ఊరికే చాకిరీ ఎందుకు చేస్తుంది? ఆ తెలివి చూస్తే నాకు ముచ్చట, కొంచెం అసూయ కూడా. నేనైతే అవసరమున్నా లేకపోయినా చేస్తూనే ఉంటాను.

మూడు నెలలుగా దాన్ని పెంచే నా ఫ్లాస్కులు ఆకుపచ్చగా మారడం లేదు. సోమవారం నుంచి పని మా ల్యాబులోనే ఉన్న అనిల్ కుమార్‌కి అప్పగించమన్నారు మా గైడు సంజీవరావు గారు. పెళ్లయిన ఆడపిల్లకి మనసు ఎక్కడ నిలుస్తుందిలే అని జాలి కూడా పడ్డారు. పీడా పోయిందన్నాడు ఇమ్మానియేలు. బాత్రూములో పంపు తిప్పుకుని ఏడ్చాను.

శుక్రవారం ల్యాబులో, ఇనుమే ఉండకూడని డిస్టిల్డ్ వాటర్ క్యాను ఒంపుతుంటే దాని మూతి చుట్టూ ఎర్రటి చార కనిపించింది. మా ఇంటి బక్కెట్‌కి పట్టే చారే. రోజూ పీచుతో తోమేదాన్ని, నాకు తెలియదా? అటెండరు ఆదాంని నిలదీశాను.

"ఆ నీళ్లు తీసే మిషను చెడిపోయి మూడు నెలలైందమ్మా. నీళ్లు నీళ్లేగదా అని బోరువే పడతన్నా," అన్నాడు.

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ ఆ బ్యాక్టీరియాకి కడుపు నిండా ఇనుము పెట్టింది నేనే. ఇన్వర్టర్ల షాపులో బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ కొనుక్కొచ్చి, ఫ్లాస్కులు కూడా వాటితోనే కడిగి మళ్లీ మొదలుపెట్టాను. ఆదివారం గుడి మానేసి ల్యాబుకి వెళ్లాను. ఫ్లాస్కు ఆకుపచ్చగా మెరుస్తోంది. ఎంత సంతోషమేసిందో.

సోమవారం సార్ ఫ్లాస్కును కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశారు. పని నాకే ఉంచుతానన్నారు, కాకపోతే ఇంకో ఏడాది పడుతుందన్నారు.

"ఇంట్లో మీ ఆయన్ని అడిగి రామ్మా."

"అడగను సార్. చెప్తాను."