తాళం వేసిన చల్లగది

మిట్టమధ్యాహ్నం క్వారీకి కబురొచ్చింది. లింబాద్రి మేస్త్రీ పడుతూ లేస్తూ కిరాయి ఇంటికి చేరేసరికి రాత్రి పాళీ కుర్రాడు రాజేశ్వర్ వరండాలో బోర్లా పడి ఉన్నాడు. ఒంటిమీద చెమట చుక్క లేదు. చర్మం ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. కళ్లు తేలేశాడు. ఒక చెంప మాత్రం తలుపు కింది సందుకు గట్టిగా ఆనించి పెట్టుకున్నాడు.

ఆ తలుపుకు తాళం వేసి ఉంది. తాళంచెవి లింబాద్రి మొలతాడుకే ఉంది.

లోపల ఏసీ గుర్రుమని తిరుగుతోంది, ఖాళీ మంచానికి చల్లగాలి విసురుతూ. సాయంత్రం మేస్త్రీ వచ్చేసరికి గది చల్లబడి ఉండాలి కదా మరి! తలుపు కింద నుంచి ఆ గాలి సన్నగా బయటికి వస్తుంది. పిల్లవాడు దాన్ని కనిపెట్టి, పాక్కుంటూ వచ్చి, ముఖం అక్కడ పెట్టుకుని స్పృహ తప్పాడు.

"తలుపు కొట్టిండు మేస్త్రీ" అన్నాడు తోటి కూలీ పోశెట్టి, రాజేశ్వర్‌ను వెల్లకిలా తిప్పి తడి తువాలతో ఛాతీ తుడుస్తూ. "నువ్వు లేవని ఎరుకనే. అయినా కొట్టిండు."

లింబాద్రి అందరి ముందు వంగి తాళం తీశాడు.

కూలన్నలారా, చదువుకుంటున్న తమ్ముళ్లారా, ఈ తాళం ఎలా పడిందో ముందు వినండి. ఎనభై ఒకటో సంవత్సరం వేసవి. గల్ఫ్‌లో, ఫుజైరా కొండల్లో బండలు పగలగొట్టి పిండి చేసే కంపెనీ ఒకటి. మన జగిత్యాల వైపు ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లే అందులో ఎక్కువ. కంపెనీ వాళ్లకు ఒక కిరాయి ఇల్లు చూపించింది. మేస్త్రీకి మాత్రం విడిగా ఒక గది; మిగతా గదుల్లో మంచాలు తక్కువ, మనుషులు ఎక్కువ. పగటి పాళీవాడు లేస్తే రాత్రి పాళీవాడు అదే మంచంమీద ఒరగాలి. ఎండాకాలం మొదట్లోనే గదుల్లో ఏసీలు ఒకదాని వెనక ఒకటి చచ్చాయి. పగటి పాళీవాళ్లకు రాత్రి ఏదో నిద్ర పట్టేది. రాత్రంతా బండ మోసి పగలు పడుకునేవాళ్ల గతి ఏమిటి? పైన రేకుల కప్పు. తడిపి కప్పుకున్న దుప్పటి కన్ను మూతపడకముందే ఎండిపోయేది.

బాగు చేయించాల్సింది ఇంటి యజమాని అని కంపెనీ చేతులు దులుపుకుంది. యజమాని వీధి చివర పెద్ద ఇంట్లో ఉండే ముసలి అరబ్బు. అర్బాబు అంటారందరూ. ఆయన ఇళ్ల వ్యవహారం చూసేవాడు ముదీరు, అంటే మేనేజరు.

అడగడానికి ఎవరు పోవాలి? మనవాళ్ల అలవాటు తెలుసు కదా, పెద్దమనిషే పోవాలి, మిగతావాళ్లు తలూపాలి. వీసాలిప్పించి అందరినీ తెచ్చిన లింబాద్రి కంటే పెద్దమనిషి ఎవరున్నారు? వెళ్లాడు. అర్బాబు ఇంటి గేటు బయటే చెప్పులు విడిచాడు. భుజంమీది తువాల తీసి నడుముకు చుట్టుకున్నాడు. దొర గడీ ముందు తన తండ్రి ఎలా నిలబడేవాడో అలాగే ఎండలో నిలబడ్డాడు, లోపలి నుంచి పిలుపు వస్తుందని. రాలేదు. మళ్లీ శుక్రవారం వెళ్లాడు, మళ్లీ నిలబడ్డాడు.

"ఊర్ల దొర ముంగటనే జనం చెప్పులిడుస్తలేరు కాకా, గీడికొచ్చి నువ్విడుస్తున్నవా?" అని రాజేశ్వర్ నవ్వాడు. వాడు ఊరు విడిచి ఏడాదే అయింది. కూలీలు దొరలకు ఎదురు తిరగడం కళ్లారా చూసి వచ్చినవాడు.

చివరికి ముదీరు బయటికి వచ్చాడు. పక్క గదిలో కుర్చీ వేసి లింబాద్రికి టీ ఇప్పించాడు. అందరికీ ఏసీలంటే కుదరదన్నాడు. నువ్వు పెద్దవాడివి, నీ గదికి ఒకటి పంపిస్తాను, నీవాళ్ల నోళ్లు నువ్వే చూసుకో అన్నాడు. ఇంకొకరిని అందులో పడుకోనిస్తే ఉన్నది కూడా పీకేస్తానన్నాడు. తనకు ఒకటి వస్తే మెల్లగా అందరికీ వస్తాయిలే అని లింబాద్రి సర్దిచెప్పుకున్నాడు. అబద్ధం. ఆ టీ తాగేటప్పుడే అది అబద్ధమని అతనికి తెలుసు. ఇంటికి వచ్చి, తన డబ్బుతో కొన్నానని రెండో అబద్ధమాడి, తాళం కొన్నాడు.

ఆసుపత్రిలో నర్సు సంతోషకుమారిది నరసాపురం వైపు. రాజేశ్వర్ చుట్టూ మంచుగడ్డలు పేర్చి, సెలైను ఎక్కించి, లింబాద్రి వైపు తిరిగింది.

"ఇంకాసేపాగి తెచ్చుంటే శవాన్ని తెచ్చేవారండీ. గదిలో ఏసీ లేదా?"

"ఉన్నదమ్మా."

"ఉంటే ఈ అబ్బాయి ఇలా ఎందుకయ్యాడండీ?"

లింబాద్రి మొలతాడుకున్న తాళంచెవిని చొక్కా కిందికి దోపుకున్నాడు. ఆమె అది చూసి, విషయం సగం అర్థమైనట్టు గొంతు తగ్గించింది.

"శనివారం పంపించేస్తారండీ. బెడ్లు లేవు. మళ్లీ ఆ కొలిమిలోనే పడుకోబెడితే మాత్రం బతకడు. దాచి చెప్పడం నాకు రాదు."

ఆ రోజు గురువారం. బిడ్డను నీ చేతుల్లో పెడుతున్నాను లింబన్నా అని బస్సు దగ్గర రాజేశ్వర్ తల్లి ఐలవ్వ పట్టుకున్న చేతులివే. లింబాద్రికి తన చేతులంటేనే అసహ్యం వేసింది.

సాయంత్రం పాళీ మారే వేళ. పగటివాళ్లూ రాత్రివాళ్లూ ఒకేచోట కనబడేది అప్పుడొక్కటే. ఇంటి ముందు గుమిగూడిన జనం మధ్య లింబాద్రి టీ సంగతి, తాళం సంగతి అంతా చెప్పేశాడు. తల ఎత్తకుండా చెప్పాడు.

పోశెట్టి లేచి అతని చొక్కా పట్టుకున్నాడు. "నువ్వు చల్లగ పండినవు! మేం మాడి సచ్చినం! పోరడు నీ కడపల పడ్డడు గదరా!"

"కొట్టు పోశెట్టీ. కొడితే నాకు జెర నిమ్మళమైతది."

"నీకు నిమ్మళం జెయ్యనీకి కొట్టాల్నా? కొట్ట." పోశెట్టి చొక్కా వదిలేసి నేలమీద ఉమ్మాడు.

కంపెనీ దగ్గరికి పోదామన్నారు కొందరు. పని బంద్ చేద్దామన్నారు ఇంకొందరు. గొడవైతే ఇంటికి పంపిస్తారు, అప్పులెవడు కడతాడని ఒకడు అరిచాడు. అప్పుడు లోడర్ నడిపే పఠాన్ అమీర్ జాన్ పగలబడి నవ్వాడు. ఈ దేశంలో అందరికంటే పాతకాపు అతనే.

"అరే భాయ్, గేట్ పే కాయ్ కో ఖడా థా? మజ్లిస్ కా దర్వాజా ఖులా హై! జో ఆయే, అందర్ బైఠే!"

మజ్లిస్ అంటే అర్బాబు వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడే పెద్ద గది. శుక్రవారం నమాజు తర్వాత ఎవరైనా సరే నేరుగా లోపలికి వెళ్లి కూర్చోవచ్చట. పిలవలేదని గేటు దగ్గర నిలబడ్డవాడిని అర్బాబు ఎన్నడూ చూసి ఉండడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు అమీర్ జాన్. వచ్చినవాడికి కహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోస్తారు. ఏదైనా కోరి వచ్చినవాడు తాగకుండా ఆ చిన్న గిన్నెను, ఫింజాన్‌ను, నేలమీద పెట్టేస్తాడు. అతిథి కాఫీ నేలమీద చల్లారిపోతే ఇంటివాడికి పరువు తక్కువ. ఏం కావాలో అడిగి తీరాలి.

"అందరం పోదాం" అన్నాడు పోశెట్టి. "ఒక్కన్ని తోలుడు ఇగ ఖలాస్."

మర్నాడు లింబాద్రి తన గది గోడలోంచి ఏసీని ఊడబెరికాడు. రెండో కొస పట్టడానికి ఎవరూ రాలేదు. ఎలాగో తానే నెత్తికెత్తుకుని అందరికంటే వెనక నడిచాడు.

మజ్లిస్ గుమ్మం దగ్గర జోళ్ల వరస ఉంది. అర్బాబు జోళ్లూ అందులోనే ఉన్నాయి. వాటి పక్కనే క్వారీ దుమ్ము పట్టిన బూట్లు విడిచి, అందరూ తివాచీమీద గోడ పొడవునా కూర్చున్నారు. లింబాద్రి ఏసీని మధ్యలో దించాడు. కహ్వా పోశారు. ఒక్కరూ తాగలేదు. ఫింజాన్లన్నీ వరసగా నేలమీదికి దిగాయి. లింబాద్రిది కూడా.

అర్బాబు గడ్డం నిమురుకున్నాడు. ఏం కావాలో చెప్పమన్నాడు. అమీర్ జాన్ దాన్ని హిందీలోకి తిప్పి చెప్పాడు. పాత అలవాటు ప్రకారం అందరి కళ్లూ లింబాద్రి వైపు తిరిగాయి.

"ఆయన జెప్పడు, మేం జెప్తం" అన్నాడు పోశెట్టి. ఒక్కొక్కరే మొదలుపెట్టారు. రేకుల కప్పు గురించి, ఎండిపోయే దుప్పట్ల గురించి, ఆసుపత్రిలో మంచుగడ్డల మధ్య పడుకున్న రాజేశ్వర్ గురించి. ఎన్నడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. అమీర్ జాన్‌కు అరబ్బీలో చెప్పలేక ఊపిరాడలేదు.

ముదీరు ముఖం మాడిపోయింది. వేలెత్తి లింబాద్రిని చూపించాడు. వీడే నా చేతి టీ తాగాడు, మిషన్ తీసుకున్నాడు, ఇప్పుడు నాటకమాడుతున్నాడన్నాడు.

"నిజమే" అన్నాడు లింబాద్రి. "తీసుకున్న. తప్పు జేసిన. గదే ఇది, తెచ్చిన. అందరికిత్తే ఇయ్యుండ్రి, లేకుంటే ఇది గూడ మాకొద్దు."

ముదీరు విసురుగా లేచి టెలిఫోను గదిలోకి వెళ్లాడు.

ఇన్‌షా అల్లా, చూద్దాం, ముందు కాఫీ తాగండి అన్నాడు అర్బాబు. ఎవరూ కదల్లేదు. శనివారం రాజేశ్వర్ వచ్చేలోగా అన్నాడు పోశెట్టి. అర్బాబు కోపంగా చూశాడు, తర్వాత నేలమీది ఫింజాన్ల వైపు చూశాడు. రేపు పొద్దుటికల్లా అన్ని గదుల్లోనూ ఏసీలు తిరగాలని గట్టిగా కేకేసి చెప్పాడు.

మనుషుల ముఖాలు వికసించాయి. చేతులు ఫింజాన్ల మీదికి వెళ్లాయి. అప్పుడే బయట జీపు బ్రేకు పడింది.

కంపెనీ మనుషులు. ముదీరు ఫోను చేసింది వాళ్లకే.

"లింబాద్రి కౌన్ హై? వీసా ఖలాస్. చలో!"

వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తున్నారని అర్థమై లింబాద్రి లేచాడు. భయం వేయలేదు. చేసినదానికి తగిన శాస్తి ఇన్నాళ్లకు జరిగిందనిపించింది. ఎవరి వైపూ చూడకుండా, బూట్లు కూడా తొడుక్కోకుండా, కాలే నేలమీద నడిచి జీపెక్కాడు. వెనక ఒక్కరూ రాలేదు. ఎందుకొస్తారు? వాళ్ల ఏసీలు వాళ్లకొచ్చాయి. తాళం వేసినవాడి కోసం ఎవడు లేస్తాడు? న్యాయమే అనుకున్నాడు.

డ్రైవరు ఇంజను వేశాడు. అంతలో లోపలి నుంచి అర్బాబు గొంతు వినబడింది, అడిగింది ఇచ్చాను కదా, తాగరెందుకని గద్దిస్తూ. లింబాద్రి తల తిప్పి చూశాడు. తెరిచిన తలుపులోంచి తివాచీ కనబడుతోంది. ఫింజాన్లన్నీ నిండుగా నేలమీదే ఉన్నాయి. వాటి వెనక అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒక్కరూ కదలకుండా కూర్చున్నారు.

"అమీర్ జాన్, ముసలాయనకు జెప్పు" అంటున్నాడు పోశెట్టి. "వాడు మాకు ద్రోహం జేసిండు. ఆ లెక్క మేం మేం తేల్చుకుంటం. నీ ఇంట్ల కూసున్న మనిషిని ఇంకొకడు గుంజుకపోతే, మేం నీ కాఫీ ముట్టం. ఏసీలొచ్చినా ముట్టం."

అమీర్ జాన్ లేచి నిలబడి ఆ మాటలు అరబ్బీలో అరిచాడు.

అర్బాబు గుమ్మంలోకి వచ్చాడు. జీపుకు ఎదురుగా చెయ్యెత్తాడు. డ్రైవరు కంపెనీ మనుషుల వైపు, అర్బాబు వైపు చూసి ఇంజను ఆపేశాడు.

లింబాద్రి రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. పోశెట్టి నిన్న కొట్టి ఉంటే బాగుండేది, దీన్ని ఎలా మొయ్యాలో అతనికి తెలియలేదు.

"ఓ లింబన్నా!" లోపలి నుంచి పోశెట్టి కేక. మేస్త్రీ అనలేదు. "దిగి రా. నీ ఫింజాన్ ఈడనే ఉన్నది. మా నడుమ కూసో."