టిచ్ బటన్లు

“చొక్కాల గుండీలన్నీ ఏమయ్యాయి వదినా?” అంది మా ఆడపడుచు, ఆరిన చొక్కా చేత్తో పట్టుకుని.

“పీకేసి టిచ్ బటన్లు కుట్టాను. నొక్కితే పడతాయి.”

“బంగారం లాంటి గుండీలు. దాచావా, చెత్తలో పోశావా?”

“మా ఆయన చొక్కాకి ఏం కుట్టాలో కూడా పక్క వాటాలోంచి వచ్చి చెప్పాలా?”

మా ఆయన పేపరు చాటుకు తప్పుకున్నారు.

ఫ్యాక్టరీలో రేకులు కోసే యంత్రంలో పడి ఆయన కుడిచేతి వేళ్లు పోయినప్పటి నుంచి రోజూ పొద్దున్నే చెల్లెలే వచ్చి గుండీలు పెడుతుంది. నేను ముందుకొస్తే, “పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది, చూడు” అంటారాయన. ఏదీ మాడదు, నా కడుపు తప్ప.

నష్టపరిహారం తీర్పులోనూ ఆమె మాటే. ‘బాధితుడి అవసరాలు చెల్లెలు చూస్తోంది’ అని రాసి, తోడు మనిషి కోసం విడిగా కొంత సొమ్ము కలిపారు. అందరూ సొమ్ము చూశారు. నేను ఆ వాక్యం చూశాను. అందుకే సూది పట్టుకున్నాను.

సాయంత్రం మా వకీలు వచ్చాడు. ఫ్యాక్టరీ వాళ్లు అప్పీలుకు వెళ్లారట. తోడు మనిషి అక్కర్లేదని, ఆ సొమ్ము కొట్టేయమని వాదిస్తున్నారట. చెబుతూ చెబుతూ మా ఆయన చొక్కా మీద చూపు నిలిపాడు.

“ఇవి మీరే పెట్టుకున్నారా?”

“ఎడంచేత్తో,” అన్నారు మా ఆయన. ఆ గొంతులో అంత హుషారు విని చాలా కాలమైంది.

“కోర్టుకు మాత్రం ఇది వేసుకురాకండి. వాళ్లకు మనమే సాక్ష్యం కుట్టి ఇచ్చినట్టవుతుంది.”

ఆడపడుచు నా వైపు చూసి, వకీలుకు కాఫీ తేవడానికి లేచింది. ఓ మాట అనేసినా బాగుండేది.

ఆ పూట అందరం కలిసి భోజనానికి కూర్చున్నాం.

“గుండీలు డబ్బాలోనే ఉన్నాయి. మళ్లీ కుట్టేస్తాను,” అన్నాను. “కోర్టు రోజున నేనే పెడతాను.”

“నీకు అలవాటు లేదుగా వదినా. నేను పెడతాలే.”

“నువ్వు వదిలితేగా అలవాటయ్యేది.”

మా ఆయన ఎడంచేత్తో గ్లాసు కింద పెట్టారు.

“ఎవరూ పెట్టొద్దు. ఈ చొక్కాతోనే వెళతాను. తోడు మనిషి సొమ్ము పోతే పోనీ.” చెల్లెలి వైపు తిరిగారు. “రేపటి నుంచి పొద్దున్నే పరిగెత్తుకు రానక్కర్లేదమ్మా.”

ఆమె తల వంచుకుని అన్నం కలుపుకుంటోంది. నా సంతోషం మొహంలో కనబడకుండా కూర గిన్నె అందుకున్నాను. కనబడినట్టుంది.

“నీకూ అదే మాట,” అన్నారాయన.