చుట్టరికాలు మాట్లాడరాదు

పొద్దున్నే ల్యాబుకు రాగానే ఆవిడ చెప్పులు బయట విడిచి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, తెల్లకోటు తొడుక్కుని, వెచ్చటి పెట్టె తలుపు తీసి, "లేచారా?" అని పలకరించేది. లోపల సీసాల్లో గులాబీరంగు నీళ్ళు సన్నగా కదిలేవి. కణాలు లేచాయన్నమాట. కంటికి ఆనని కణమెంత, దానికి చెవులెంత! అయినా అవి వింటాయి, అది అందరికీ తెలిసిన సంగతే. అందుకే ఆ గది తలుపు మీద 'చెప్పులు బయట విడవండి' అన్నదాని కింద, 'లోపల చుట్టరికాలు మాట్లాడరాదు' అని రాసి ఉండేది.

ఒంట్లో కాపలా కాసే కణాలకు చదువు చెప్పడం ఆవిడ పని. రోగి రక్తంలోంచి వాటిని తీసి, పెంచి, క్యాన్సర్ గడ్డను గుర్తుపట్టడం నేర్పి, మళ్ళీ ఆ ఒంట్లోకే పంపేది. మధ్యాహ్నం కాలేజీ పిల్లలకు పాఠాలు.

"కాపలావాడికి రెండు మాటలు తెలిస్తే చాలు. మన, పరాయి," అనేది. "కానీ గడ్డ మహా గడుసుది. మన ఒంట్లోనే పుట్టింది కదా, కాపలావాడు ఎదురైతే 'నేను మీవాణ్ణే బాబాయ్' అంటుంది. వీడు నమ్మి దారిస్తాడు."

"మా బాబాయీ అంతే మేడమ్, ఒకసారొస్తే కదలడు," అనేవాడు వెనక బెంచీవాడు. అందరితో పాటు ఆవిడా నవ్వేది.

ఆవిడ తమ్ముడు సిటీబస్సు డ్రైవరు. చిన్నప్పుడే అమ్మానాన్న పోతే అక్కే పెంచింది. అతని కాలేయంలో గడ్డ లేచింది. దానికి అద్దెవాడని పేరు పెట్టుకున్నాడు.

"మా అద్దెవాడు రాత్రంతా సామాన్లు జరిపాడే అక్కా," అనేవాడు, పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని.

"ఖాళీ చేయిస్తానుండు," అనేది అక్క.

మందులకు అద్దెవాడు లొంగలేదు. చివరికి తమ్ముడి రక్తంలోంచే కణాలు తీసి పాఠం మొదలుపెట్టింది. గడ్డలోంచి తెచ్చిన నలుసు వాటి ముందు వేసి, "పరాయి. వీడు పరాయి," అని వల్లె వేయించింది. అవి నేర్చుకున్నాయి. నలుసు వేస్తే చాలు, చుట్టుముట్టి మిగలకుండా చేసేవి.

రేపు ఒంట్లోకి ఎక్కిస్తారనగా తమ్ముడు ల్యాబుకు వచ్చాడు.

"నావాళ్ళని నేను చూసుకోకూడదటే?"

అక్క కాదనలేకపోయింది. మైక్రోస్కోపు మీదికి వంగి చూశాడు. "అమ్మో, ఎంతమందే! నా బస్సులో కూడా ఇంత తొక్కిడి ఉండదు. మరి ఆ పక్కనున్నదేంటి?"

"నీ అద్దెవాడే. ఇప్పుడే వేశాను."

అతను మళ్ళీ వంగాడు. "ఇంతేనా వీడు? ఇంత చిన్నవాణ్ణి పట్టుకుని ఇంతమందా? పాపం అక్కా, ఎంతైనా వీడూ మనవాడే కదే."

అక్క చెయ్యి చటుక్కున వెళ్ళి అతని నోరు మూసింది. అప్పటికే సీసాలో నీళ్ళు ఒక్కసారి కదిలి, ఆగిపోయాయి.

ఆ సాయంత్రం గొంతు పోయేదాకా "పరాయి, పరాయి" అంటూనే ఉంది. మళ్ళీ కొత్తవాటిని పెంచేంత వ్యవధి తమ్ముడి ఒంట్లో లేదు. ఉన్నవాటినే పంపారు. అవి బుద్ధిగా కాలేయం దాకా వెళ్ళాయి, గడ్డను గుర్తుపట్టాయి, పలకరింపుకు వచ్చిన చుట్టాల్లా దాని చుట్టూ కూర్చున్నాయి. ఒక్కటీ చెయ్యెత్తలేదు.

"ఏం చేస్తున్నారే మావాళ్ళు?" అన్నాడు తమ్ముడు మంచంలోంచి.

"కూర్చున్నార్రా."

"మర్యాదస్తులు," అని నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక, "నా నోరుందే అక్కా..." అన్నాడు.

"ఊరుకో," అంది అక్క.

అద్దెవాడు ఉండగానే ఇల్లు కూలిపోయింది.

ల్యాబులో తమ్ముడి కణాల సీసా ఒకటి మిగిలింది. ఆవిడ వంగి, తలుపు మీద రాత తనే తప్పి, "తమ్ముడూ" అనేది. నీళ్ళు కదిలేవి. ఆ కాస్త కదలిక కోసమే పొద్దున్నే లేచి వచ్చేది. క్లాసులో 'పరాయి' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి బోర్డు వైపు తిరిగి, లేని గీతలు తుడిచేది.

ఆ రోజుల్లోనే కింది వార్డులోకి ఒక చిన్నపాప వచ్చింది. రక్తంలో క్యాన్సర్ వస్తే తల్లి తన ఎముకల్లోని మూలుగ ఇచ్చింది. క్యాన్సర్ పోయింది. కానీ తల్లి కణాలు పాప ఒళ్ళంతటినీ పరాయిదనుకుని చీల్చడం మొదలుపెట్టాయి. చర్మం పొరలుపొరలుగా లేచిపోతోంది. మందులన్నీ అయిపోయాయి.

"నావే కదా మేడమ్ ఆ కణాలు," అంది తల్లి. "కన్నబిడ్డని పరాయిదంటాయా?"

ఆవిడ పైకి వెళ్ళి పెట్టె తెరిచింది. చంపడానికి వచ్చినవాణ్ణి కూడా మనవాడేనని కూర్చున్నవాళ్ళు ఆ సీసాలో ఉన్నారు. అవి ఇక పెరగవు, ముసలివైపోయాయి. పంపితే చుక్క మిగల్చకుండా పంపాలి. సీసాను చెంపకు ఆనించుకుంది. వెచ్చగా ఉంది, జ్వరం తగలని వేళ తమ్ముడి నుదురున్నంత వెచ్చగా.

"అక్కడ మనవాళ్ళు పోట్లాడుకుంటున్నార్రా," అంది. "వెళ్ళి, నాకు చెప్పినట్టే చెప్పు."

నీళ్ళు కదిలాయి.

వారం తిరిగేసరికి పాప ఒంటిమీద మంట చల్లారింది. పైన పెట్టెలో ఒక సీసా పట్టేంత ఖాళీ. "లేచారా?" అంటే మిగతావి కదులుతాయి. ఆ ఖాళీ కేసి మాత్రం ఆవిడ చూడదు.

ఒక మధ్యాహ్నం వార్డులో పాప నిద్రపోతోంది. తల్లి నీళ్ళకని బయటికి వెళ్ళింది. ఆవిడ మంచం పక్కన నిలబడి, లేత చర్మం మొలుస్తున్న ఆ చిన్న చేతిని చూసి, ఎవరూ లేరు కదా అని, పెదవులు కదిలీ కదలకుండా, "తమ్ముడూ" అంది.

పాప నిద్రలోనే ఇటు తిరిగి, "ఊఁ" అంది.