మా వీధి బూతు

మా వీధికి బూతులు కొత్త కాదు. కుళాయి దగ్గర పొద్దున్నే కావలసినన్ని దొరుకుతాయి. లేనిదల్లా ఓటు వేసే బూతే. ప్రతి ఎన్నికకూ అన్నూరు రోడ్డు దాటి, పెద్దకులాల వాళ్లుండే మేలవీధి బడికి పోవాలి. దానికి నిటారు మెట్లు. ర్యాంపు వస్తుందంటారు, ఎన్నికలే వస్తాయి. ఒంటికాలి పాంచాలి అత్తను పోయినసారి మా వాళ్లు బియ్యం మూటలా మోసుకెళ్తే మేలవీధి అంతా నవ్వింది. ఇక మీదట కర్ర మీద నడిచిపోతేనే ఓటేస్తానని ఆమె తేల్చి చెప్పింది.

అందుకే మా సంఘం హాలును బూతు చెయ్యమని అర్జీ పెట్టాం. రెండు వాకిళ్లు, నీళ్లు ఉన్నాయి. ర్యాంపు మేమే పోశాం. చూడవచ్చిన అధికారిది గుంటూరు వైపు; అరవం ముక్క రాదు. మేమా, తాతల నాటి నుంచి ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. మేలవీధికి తెలుగు రాదు. అందుకని మాట అందించే పని మా బావ కోదండరామన్‌కు పడింది. పార్టీ మనిషి, పైగా మావాడు. ఇక బూతు మనదేనని చాటింది నేనే.

బడి దగ్గరా, రేషన్ కొట్టు దగ్గరా అధికారి అడిగినవాటికి బావ శుభ్రంగా 'ఉంది', 'లేదు' అన్నాడు. మా హాలు గోడ మీద ఎవరిదో చీర ఆరుతోంది. లోపల ఎవరైనా కాపురం ఉంటున్నారా అని అధికారి అడిగాడు.

"ఇల్లె సార్," అన్నాడు బావ.

అరవంలో 'ఇల్లె' అంటే లేదని. మేమంతా ఆమా ఆమా, అవునవునని తలలూపాం. అధికారీ తలూపి రాసుకున్నాడు.

జాబితా వచ్చింది. బూతు మళ్లీ మేలవీధి బడిలోనే. మా హాలు నివాసగృహమట. పరుగెత్తుకెళ్లి అడిగితే, ఇల్లే అని మీ మనిషే చెప్పాడు గదా, పార్టీల సమావేశంలోనూ ఎవరూ కాదనలేదు, గడువు దాటిపోయింది అన్నాడు అధికారి. ఆ సమావేశంలో మా వీధి తరఫున కూర్చున్నదీ బావే.

ర్యాంపు మేం కడితే రంపం బావ పెట్టాడు. వెతికితే మేలవీధి టీకొట్టులో, అక్కడి పెద్దల పక్కన, కుర్చీలో దొరికాడు.

"ఆ రోజు పొద్దుట్నించీ లేదు లేదు అంటివే బావా. మన హాలు కాడ ఇల్లె అంటివే, అది ఏ బాస?"

టీ ఊదుకున్నాడు.

"ఆయనకు తెలిసిన బాసే."

ఓటు రోజున అత్తకు ఆటో పంపుతానని చెప్పమన్నాడు. వెళ్లి చెప్పాను.

పాంచాలి అత్త కర్ర గోడకు ఆనించింది.

"ఆటో మెట్లెక్కుతుందా, అడుగు."