బోర్లించిన మూకుడు

కాపురానికి వచ్చిన కొత్తలో నాకు ఈ ఇంట్లో ప్రతిదీ ముద్దొచ్చేది, వంటింటి కిటికీకి ఉన్న వంకర గడియతో సహా. ఆ కిటికీ తీస్తే పెరటి తోట అంతా కనిపిస్తుంది. ఎండలు ముదరగానే మందార చెట్టు కింద ఒక మట్టి మూకుడు పెట్టాను. గులకరాళ్లు పరిచి, అవి సగం మునిగేలా నీళ్లు పోశాను. లోతు ఎక్కువైతే తేనెటీగలు మునిగిపోతాయని ఎక్కడో చదివాను.

మర్నాడే వచ్చాయి. రాళ్ల మీద వాలి తాగుతుంటే వాటి పొట్టలు సన్నగా అదిరాయి. తర్వాత ఒక పిగిలిపిట్ట వచ్చి, ఎవరైనా చూస్తున్నారేమోనని నాలుగువైపులా చూసుకుని, నీళ్లలో దిగి ఒళ్లంతా నీళ్లు చిమ్ముకుంటూ స్నానం చేసింది. ఆ మరుసటి రోజు జోడీని కూడా వెంటబెట్టుకొచ్చింది. వాళ్లదీ కొత్త కాపురమేననిపించింది. చూస్తూ నిలబడిపోయాను, పాలు పొంగిపోయాయి.

అంతే, ఎవరి దిష్టి తగిలిందో, మూకుడు బోర్లా పడి ఉండటం మొదలైంది. నింపుతాను, మళ్లీ చూస్తే బోర్లా. పక్కింటి పిల్లి పనేమోనని ఇంకా బరువైన మూకుడు తెచ్చాను. అదీ బోర్లాయే. పిల్లి తగిలితే పక్కకు ఒరగాలి గానీ, ఇంత పొందిగ్గా ఎలా తిరగబడుతుంది? తేనెటీగలు వచ్చి, తడి మట్టి చుట్టూ తిరిగి వెళ్లిపోయేవి. పిట్టలు గోడ మీద వాలి, కిందికి చూసి, ఎగిరిపోయేవి. రెండు రోజులుగా గోడ మీదికి కూడా రావడం మానేశాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఇంట్లో ఉండేది ముగ్గురం. మావారిని అడిగితే, "నేనా? నీ మూకుడు ఎక్కడుందో కూడా నాకు తెలీదు" అన్నారు, పసిపిల్లాడి మొహం పెట్టి. ఇక మిగిలింది అత్తయ్య. ఆవిడకు ఏ వస్తువైనా ఉండాల్సిన చోట లేకపోతే నిద్రపట్టదు. డొంకతిరుగుడుగా కదిపి చూశాను. ఆవిడ చేతిలో పని ఆపి నన్ను తేరిపార చూశారు.

"వంగి మూకుడు బోర్లించే నడుమే ఉంటే, ఈ ఇల్లు నేనే ఊడ్చుకునేదాన్ని కదమ్మా. వెళ్లి మీ ఆయన కాళ్ల మీద ఓ కన్నేసి ఉంచు."

మావారు దోమల నివారణ విభాగంలో ఇన్‌స్పెక్టరు. ఇల్లిల్లూ తిరిగి కుండీల కింది పళ్లేలు, పాత టైర్లు, నీళ్లు నిలిచిందేది కనిపించినా ఒంపించడమే ఆయన ఉద్యోగం. మర్నాడు పొద్దున్నే కిటికీ దగ్గర కాపు కాశాను. ఫోన్ చెవికి ఆనించుకుని తోటలోకి వచ్చారు. ఏదో వీధిలో పొగమందు కొట్టలేదని ఎవరినో కేకలేస్తూ, మూకుడు దగ్గరికి రాగానే అటు చూడకుండానే కాలి వేలితో అంచు ఎత్తి బోర్లించి, మాట ఆపకుండా ముందుకు నడిచారు.

బయటికి పరుగెత్తి నిలదీశాను. ఆయన కిందికి చూసి నిజంగానే ఆశ్చర్యపోయారు. నాకు ఇంకా ఒళ్లు మండింది. తెలిసి చేస్తే పోట్లాడొచ్చు, కాలు చేసిన పనికి ఎవరితో పోట్లాడను? రోజూ కడిగి నీళ్లు మారుస్తున్నానని, దోమలు పుట్టే వీలే లేదని చెప్పాను.

"నేను వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఇదే మాట చెప్తారు. రేపు మనింట్లోనే లార్వా దొరికితే ఆఫీసులో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"అయితే నేను కూడా మీకు ప్రతి ఇంటి మనిషినేనా?"

 నేను మూకుడు తిప్పి, రాళ్లు సర్ది, నీళ్లు పోసి దాని పక్కనే చతికిలబడ్డాను. ఇక కదిలేది లేదన్నాను. కాసేపటికి ఒక తేనెటీగ వచ్చి రాయి మీద వాలింది. ఆయన గొంతుక్కూర్చుని చూశారు. మెత్తబడ్డారనుకున్నాను. తీరా ఆయన చూస్తున్నది తేనెటీగను కాదు, దాని కింది నీళ్లను.

"సరే, ఉంచు. కానీ కడగడం మాత్రం నేనే కడుగుతా. నాకు ఇంకెవరి మీదా నమ్మకం లేదు" అన్నారు.

అప్పటి నుంచి రోజూ బ్రష్షు పట్టుకుని, పంపు పూర్తిగా తిప్పి, తోటంతా దద్దరిల్లేలా మూకుడు రుద్దుతున్నారు. మెల్లగా కడగమంటే అలా కడిగితే దోమ గుడ్లు పోవంటారు. తేనెటీగలు ఆ చప్పుడుకు అలవాటు పడ్డాయి. పిగిలిపిట్టల జంట మాత్రం ఇంకా రాలేదు. నేను కిటికీ తీసే ఉంచుతున్నాను.